లాయరమ్మ వెనుక లాయరమ్మ



పల్నాడులోని మాచవరం బస్టాండులో పొద్దున్నే చంకలో కాగితాల కట్ట పెట్టుకుని ఎవరైనా నిలబడి ఉంటే, ఎదురైనవాళ్లు ముందు అడిగే మాట "ఇవాళ వాయిదానా?" అని. గట్టు తగాదా కావచ్చు, నోటు దావా కావచ్చు, అన్నదమ్ముల పంపకం కావచ్చు, కూతురి మనోవర్తి కేసు కావచ్చు. పిడుగురాళ్లకో, గురజాలకో, నరసరావుపేటకో వెళ్లి కోర్టు మెట్లు ఎక్కక తప్పదు. అలా ఎక్కేవాళ్లలో ఆడవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్ల తరఫున నల్లకోటు వేసుకుని నిలబడేవాళ్లలో మాత్రం ఆడవాళ్లు ఇప్పటికీ తక్కువే. ఆ కొద్దిమందీ వృత్తిలో ఎలా నిలదొక్కుకున్నారు, ఒకరికొకరు ఏం ఇచ్చుకున్నారు, ఇంకా ఏం ఇచ్చుకోవచ్చు అన్నదే ఇవాళ్టి ప్రసంగ విషయం.

నిజానికి పల్నాటి గడ్డకు రాజసభలో మాట చెల్లించుకున్న స్త్రీ కొత్త కాదు. పన్నెండో శతాబ్దంలో గురజాల కొలువులో నలగామరాజుకు మంత్రిగా ఉన్నది నాయకురాలు నాగమ్మ. ఆ కథలో ఎవరి పక్షం వారికి ఉంది. కానీ రాజ్యం నడిపే చోట ఒక ఆడమనిషి కూర్చుని వాదించిందన్న సంగతి ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే బ్రిటిషువాళ్ల కోర్టులు వచ్చాక ఆ చోటు ఆడవాళ్లకు మూసుకుపోయింది. 1916లో రెజీనా గుహ అనే పట్టభద్రురాలు కలకత్తా హైకోర్టులో ప్లీడరుగా పేరు నమోదు చేసుకోబోతే, స్త్రీ అయినందువల్ల కుదరదని న్యాయమూర్తులు తోసిపుచ్చారు. కొన్నేళ్లకు పాట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జవాబు వచ్చింది. చివరికి 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేస్తే గాని, స్త్రీ అన్న కారణంతో వకీలు పనికి అడ్డు చెప్పకూడదన్న మాట ఖాయం కాలేదు. ఆ మొదటి తరంలో ఒకరికి తలుపు మూసిన వార్త విని కూడా మరొకరు వెళ్లి అదే తలుపు తట్టారు. అలా తట్టగా తట్టగానే చట్టం కదిలింది.

తెలుగునాట ఈ కథ చెప్పుకోవాలంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్ దగ్గర మొదలుపెట్టాలి. 1909లో పుట్టిన ఆమె స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. జైల్లో తనతోపాటు శిక్ష అనుభవిస్తున్న పేద స్త్రీలను చూశారు. తమ మీద మోపిన నేరమేమిటో, దానికి ఏం జవాబు చెప్పుకోవాలో కూడా తెలియకుండా శిక్ష పడినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల తరఫున మాట్లాడేవారే లేకపోయారన్న బాధ ఆమెను లా చదువు వైపు నడిపించింది. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని, అక్కడి హైకోర్టులో క్రిమినల్ కేసులు వాదించారు. తరవాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆ సభకు అధ్యక్షత వహించే ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆమే.

లా చదవకముందు జరిగిన ఒక సంగతి మన విషయానికి మరీ దగ్గర. బి.ఏ. చదవాలని ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వడం కష్టమన్నారు. వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఇంకొకరైతే ఇంటికి తిరిగి వచ్చేవారే. ఆమె మాత్రం, చదువుకోవాలని ఉండి హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు తనను కలవాలని పత్రికలో ప్రకటన వేయించారు. అమ్మాయిలు వచ్చారు. అందరూ కలిసి ఒక చోటు వెతుక్కుని హాస్టల్ పెట్టుకున్నారు. సీటు ఆమెకు ఒక్కదానికే కాదు, ఆ పిల్లలందరికీ దొరికింది.

ఆమె జీవితమంతా ఇదే వరస. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయించారు. ఏళ్ల తరబడి సాగే బడి చదువును పెద్దవయసు స్త్రీలు తక్కువ కాలంలో పూర్తి చేయగలరని సభ చేసి చూపించింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె అధ్యక్షురాలయ్యాక, 1958 నుంచి అదే పద్ధతి కండెన్స్‌డ్ కోర్సుల పేరుతో దేశమంతటా సాగింది. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించి, మన దగ్గర కూడా అలాంటివి రావాలని న్యాయమూర్తులతోనూ, ప్రధాని నెహ్రూతోనూ చర్చించారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేళ్లయింది. ఇవాళ ఫ్యామిలీ కోర్టు వరండాలో బిడ్డనెత్తుకుని కూర్చున్న తల్లికి ఆ పేరు తెలియకపోవచ్చు. ఆ వరండా ఏర్పడటంలో మాత్రం ఈ తెలుగు లాయరమ్మ శ్రమ ఉంది.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరివాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఐర్లాండు వెళ్లి బారిష్టరై వచ్చారు. పల్నాడు రైతులు పశువుల మేతపన్ను అయిన పుల్లరి కట్టం అని తిరగబడిన రోజుల్లో వాళ్ల పక్షాన నిలిచి జైలుకు వెళ్లారు. ఆయన, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ కలిసి 1922లో గుంటూరులో శారదా నికేతనం స్థాపించి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. బారిష్టరు చదివిన మనిషి కోరుకుంటే ఆ కాలంలో ఎంత సంపాదించి ఉండేవారో ఊహించుకోవచ్చు. ఆ దంపతులు తమ కాలాన్నీ కష్టార్జితాన్నీ ఆడపిల్లల బడి మీద పెట్టారు.

బాపట్ల దగ్గర అప్పికట్లలో ఒక వ్యవసాయ కుటుంబంలో 1928లో పుట్టిన అమరేశ్వరి ఆ తరవాతి తరం. ప్లీడరుగా మొదలై, హైకోర్టు న్యాయవాదుల సంఘంలో ఉపాధ్యక్షురాలిగా, మహిళా న్యాయవాదుల సమాఖ్యలో బాధ్యురాలిగా పనిచేశారు. 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. జడ్జి కాకముందు ఆమె సంఘం పని చేశారన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. తన కేసులు తాను చూసుకుంటే చాలనుకునే వృత్తిలో, తోటి ఆడవాళ్లను కూడగట్టడానికి ఆమె సమయం వెచ్చించారు.

సాయం చేసే చేయి ఆడవాళ్లదే కావాలని లేదు. విశాఖపట్నంలో పుట్టిన జి. రోహిణి 1980లో హైదరాబాదులో న్యాయవాదిగా నమోదై, సీనియర్ న్యాయవాది కోకా రాఘవరావు ఆఫీసులో జూనియర్‌గా చేరారు. తీర్పులను క్రోడీకరించి ప్రచురించే లా జర్నల్ పని కూడా చేశారు. 2014లో ఢిల్లీ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. ఆఫీసులో నమ్మకంగా పని అప్పగించే సీనియర్ ఉంటే, ప్రతిభ ఉన్న జూనియర్ ఎంత దూరం వెళ్తుందో ఆమె దారి చూస్తే తెలుస్తుంది.

పైస్థాయిలో ఈ పేర్లు వెలిగాయి. కింది కోర్టుల్లో పరిస్థితి ఎలా ఉంది? మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 2021 సెప్టెంబరులో మహిళా న్యాయవాదుల సభలో కొన్ని అంకెలు బయటపెట్టారు. అప్పటికి దేశంలోని న్యాయవాదుల్లో స్త్రీలు సుమారు 15 శాతం. రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైన ప్రతినిధుల్లో రెండు శాతం. దాదాపు 22 శాతం కోర్టుల్లో ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి లేదు. ఈ చివరి అంకె వినడానికి చిన్నదే. ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం దాకా కోర్టులో ఉండాల్సిన గర్భిణీ న్యాయవాదికి, పసిబిడ్డ తల్లికి అది వృత్తిలో ఉండాలా మానాలా అని తేల్చే అంకె. దేశంలోని ప్రతి కోర్టులో పురుషులకు, స్త్రీలకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2025 జనవరి 15న తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు మన మాచవరం మండలానికే వద్దాం. మోర్జంపాడులోనో, పిన్నెల్లిలోనో, వేమవరంలోనో ఒక మిర్చి రైతు కూతురు లాసెట్ రాసి, గుంటూరులో లా చదివి, పట్టా తెచ్చుకుందనుకుందాం. నమోదు ఫీజు విషయంలో ఆమెకు కొంత ఊరట దొరికింది. జనరల్ వర్గానికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న చెప్పింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో ఇది వేలల్లో ఉండేది. ఆ అమ్మాయి ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసైంది. ఆ తరవాత?

ఆ తరవాతే అసలు కష్టం. కాలేజీ చట్టం నేర్పుతుంది, కోర్టు పని నేర్పదు. వకాల్తా మీద ఏ స్టాంపు అంటించాలి, ఫైలింగులో దావా వెనక్కి వస్తే ఏ లోపం దిద్దాలి, బెంచి క్లర్కుతో ఎలా మాట్లాడాలి, సీనియర్ రాని రోజు వాయిదా ఎలా అడగాలి, మన సాక్షిని చీఫ్ విచారణలో ఎలా నడిపించాలి, ఎదుటివారి సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ ఆపాలి? ఇవన్నీ ఎవరి వెనుకనో నిలబడి చూసి నేర్చుకోవాల్సినవే. పైగా మొదటి రెండు మూడేళ్లు చేతికి వచ్చే డబ్బు బస్సు చార్జీలకు కూడా సరిపోకపోవచ్చు. మగపిల్లవాడైతే "కుదురుకుంటాడులే" అని ఇంట్లో ఓపిక పడతారు. ఆడపిల్లైతే ఆ రెండు మూడేళ్లలోనే పెళ్లి మాట వస్తుంది. పట్టా గోడకు ఎక్కుతుంది, కోటు బీరువాలోకి వెళుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు 3న, న్యాయవాదుల దినోత్సవం నాడు, జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే పథకం మొదలైంది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. సూచన సూచనే. చిన్న కోర్టులో, తనకే అరకొరగా వచ్చే సీనియర్ అంత ఇవ్వలేకపోవచ్చు. అలాంటి చోట కూడా ఇవ్వగలిగినవి చాలా ఉన్నాయి. మహిళా న్యాయవాదుల బృందం పని ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది కూర్చునే చోటు. బార్ అసోసియేషన్ గదిలో కొత్తగా వచ్చిన అమ్మాయికి ఒక కుర్చీ చూపించి, "ఈ అమ్మాయి మా జూనియర్" అని నలుగురికీ పరిచయం చేస్తే, ఆ రోజు నుంచి గుమస్తాలూ క్లయింట్లూ ఆమెను చూసే చూపు మారుతుంది. రెండోది పేరు. తాను వేసే వకాల్తాలో జూనియర్ పేరు కూడా రాయించే సీనియర్, ఆమెకు కోర్టులో నిలబడే హక్కు ఇస్తున్నట్టే. మూడోది అవకాశం. చిన్న మధ్యంతర అర్జీ మీద వాదన, లాంఛనప్రాయమైన సాక్షి క్రాస్ జూనియర్‌కు వదిలి తాను పక్కన కూర్చుంటే, అయిదు నిమిషాల్లో వచ్చే ధైర్యం అయిదు నెలలు ఫైళ్లు మోసినా రాదు. నాలుగోది తోడు. సాయంత్రం ఆలస్యమైతే బస్సు దాకా కలిసి నడవడం, ప్రసవం తరవాత తిరిగి వచ్చిన న్యాయవాదికి ఆమె కేసుల ఫైళ్లు భద్రంగా తిరిగి అప్పగించడం. సెలవులో ఉన్న ఆ ఆరు నెలలు ఆమె వాయిదాలు చూసిపెట్టిన తోటి న్యాయవాది ఇచ్చేది ఏ చందాకూ తక్కువ కాదు. క్లయింట్లు చేజారిపోకుండా ఉండబట్టే ఆమె మళ్లీ కోర్టుకు రాగలుగుతుంది.

ఇదంతా ఒకరిద్దరి మంచితనం మీద నడిస్తే, ఆ ఒకరిద్దరూ ఊరు మారడం వల్లో, అనారోగ్యంతోనో దూరమైతే ఆగిపోతుంది. అందుకే సంఘం కావాలి. సంఘం అంటే వేరు కుంపటి కాదు. ఉన్న బార్ అసోసియేషన్‌లోనే మహిళా న్యాయవాదులు నెలకోసారి కలిసి కూర్చుని, కొత్తగా చేరిన ప్రతి అమ్మాయినీ ఒక సీనియర్‌కు అప్పగించడం, తలా కొంత వేసి వాడుకలో ఉన్న చట్టాల పుస్తకాలు కొని అందరికీ అందుబాటులో పెట్టడం, వేధింపు ఎదురైతే ఎవరికి చెప్పాలో ముందే ఖాయం చేసుకోవడం. కార్యవర్గంలో చోటు కూడా ముఖ్యమే. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడో వంతు స్థానాలు మహిళలకు ఉంచాలని, ఆఫీసు బేరర్లలో ఒక పదవి కూడా వంతుల వారీగా వారికి దక్కాలని, తొలి విడత అది కోశాధికారి పదవి కావాలని 2024 మే 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ న్యాయవాదుల సంఘాలకు కూడా అలాంటి ఆదేశమే వచ్చింది. సంఘం డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చే బల్ల దగ్గర ఆడవాళ్లు కూర్చుంటే, మరుగుదొడ్డి మరమ్మతూ, పసిపిల్లలకు చిన్న గదీ ఎజెండాలోకి వస్తాయి.

ఇచ్చేది సీనియర్లు, పుచ్చుకునేది జూనియర్లు అనుకోనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి, ప్రొసీజరు కోడ్, సాక్ష్య చట్టం మూడింటి స్థానంలో కొత్త చట్టాలు వచ్చాయి. ముప్పై ఏళ్లుగా మనోవర్తి అంటే 125 సెక్షన్ అని నోటికి వచ్చిన సీనియర్ ఇప్పుడు 144 అని రాయాలి. ఈ-ఫైలింగు, ఫోన్లో కేసు స్థితి చూసుకోవడం, తీర్పులు వెతకడం కొత్తవాళ్లకు సులువు. మధ్యాహ్నం భోజనాల వేళ డబ్బా విప్పుకుని కూర్చున్న బల్ల మీదే ఒకరు క్రాస్ మెళకువ చెబుతుంటే, మరొకరు కొత్త సెక్షన్ల పట్టిక చూపించవచ్చు.

ఇక సంఘం గడప దాటి చేసే సాయం. మన ఊళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఏ స్త్రీకైనా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఆమె ఆదాయం ఎంతని అడగనక్కర్లేదు. చట్టం ఉంది, ప్యానెల్ న్యాయవాదులూ ఉన్నారు. ఆ సంగతి ఊళ్లోకి వెళ్లి చెప్పేవాళ్లు కావాలి. ఒంటిమీద దెబ్బలు చూపించి మాట్లాడటానికి, భర్త చేసిన అవమానం నోరు విప్పి చెప్పడానికి, మాచవరం ఆడమనిషి మగ లాయరు ముందు కన్నా లాయరమ్మ ముందు తొందరగా మాట కలుపుతుంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, మనోవర్తి అన్నీ ఒకే అర్జీలో అడగవచ్చని ఆమెకు చెప్పేది ఆ లాయరమ్మే.

ఆస్తి విషయం కూడా అంతే. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా పల్నాడులో "పుట్టింటి మీద దావా వేస్తావా?" అన్న మాట ముందు చాలామంది ఆడపిల్లలు తల వంచుతూనే ఉన్నారు. దావా వేయకుండా కూర్చుని మాట్లాడుకునే మార్గం లోక్ అదాలత్‌లో ఉందని, అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుందని చెప్పే న్యాయవాది దొరికితే, వాటాతో పాటు బంధుత్వమూ నిలుస్తుంది.

సముద్రాలు దాటిన తెలుగు ఆడపడుచుల్లోనూ కొత్తవాళ్లకు చేయూతనిచ్చే ఈ తీరు కనబడుతుంది. విజయవాడలో పెరిగి అమెరికా వెళ్లి అక్కడ లా చదివిన జయ బాడిగ కుటుంబ న్యాయంలో నిపుణురాలిగా పేరు తెచ్చుకున్నారు. ఆ రంగంలోకి కొత్తగా వచ్చినవారికి పాఠాలు చెప్పారు, దారి చూపారు. 2024 మే నెలలో కాలిఫోర్నియాలోని సాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమితురాలై, ప్రమాణ స్వీకారం వేళ తెలుగులో మాట్లాడారు. భర్తతో, అత్తవారితో, ఆస్తితో ముడిపడిన కేసులు చూసే ఆడ న్యాయవాదికి గురువు అవసరం గురజాలలోనూ, సాక్రమెంటోలోనూ ఒకటే.

డిసెంబరు 3న ప్రతి బార్ అసోసియేషన్‌లోనూ న్యాయవాదుల దినోత్సవం జరుగుతుంది. శాలువాలు కప్పుతారు, ఉపన్యాసాలు ఉంటాయి. ఈసారి పిడుగురాళ్ల, గురజాల, నరసరావుపేట న్యాయవాదులు ఆ రోజున ఇంకో పని కూడా చేయవచ్చు. గడిచిన మూడేళ్లలో నమోదైన అమ్మాయిల పేర్లు రాసి, ఒక్కొక్క పేరు పక్కన ఒక సీనియర్ పేరు రాసి, ఆ జాబితాను బార్ గదిలో గోడకు అంటించాలి. ఏడాది తిరిగాక ఆ జాబితాలో ఎందరు ఇంకా కోర్టుకు వస్తున్నారో లెక్క చూడాలి. రానివాళ్ల ఇంటికి ఒకరు వెళ్లి కారణం కనుక్కోవాలి.

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అమ్మాయి లా చదివి ఉంటే, ఆ మొదటి మూడేళ్లూ ఆమెను కోర్టుకు వెళ్లనివ్వండి. ఇక న్యాయసహాయం కావలసిన అక్కచెల్లెళ్లు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా దగ్గరలోని కోర్టులో మండల న్యాయసేవాధికార సంఘం ఎక్కడని అడిగి, మహిళా న్యాయవాదిని ఇవ్వమని కోరవచ్చు. అలా అడిగే ప్రతి ఒక్కరి వల్లా ఒక జూనియర్ లాయరమ్మ చేతికి ఒక కేసు వస్తుంది.